చెట్టు నీడతో పందెం

“దిగమ్మా, దిగు. సంచి నా చేతిలోనే ఉంది. నువ్వు దిగడమే తరువాయి.”

ఆడపడుచు ఒక కాలు తమ్ముడు కాపురమున్న పాత బడి వ్యాను మెట్టు మీదా, ఒక కాలు రోడ్డు మీదా వేసి నిలబడింది. రాత్రి డ్యూటీ దిగి ఆస్పత్రి నుంచి తిన్నగా వచ్చినట్టుంది, నర్సు బట్టలైనా మార్చుకోలేదు.

అత్త వినిపించుకోలేదు. వెనక సీటు మీద వెల్లకిలా పడుకుని, నుదుటి మీది తడిగుడ్డని తనే తిరగేసుకుని, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

“అమ్మా, నీతోనే.”

“నిద్రపోతున్నాను,” అంది అత్త.

“నిద్రపోయేవాళ్ళు మాట్లాడతారా?”

“పిలిస్తే పలుకుతారు.”

కోడలికి నవ్వొచ్చింది గానీ నవ్వే సమయం కాదది. కుట్టుమిషను దగ్గర నిలబడి, సూదిలో ఉన్న దారాన్ని ఊరికే తీసి మళ్ళీ ఎక్కించింది. నిన్న మధ్యాహ్నం అత్త కర్టెన్ అంచు మడుస్తూ మడుస్తూ ఇదే మిషను మీదికి వాలిపోయింది. ఎదురు మేడ మెట్ల కిందికి మోసుకెళ్ళి మొహాన నీళ్ళు కొడితే గానీ కళ్ళు తెరవలేదు. ఆ కబురు ఆడపడుచుకి ఎవరు చేరవేశారో, తెల్లారేసరికి వచ్చి వాలింది.

“ఒరేయ్, నువ్వైనా చెప్పరా అమ్మకి!”

డ్రైవరు బండి చక్రం పక్కన గొంతుక్కూర్చుని, బాగానే ఉన్న చక్రాన్ని పరీక్షిస్తున్నాడు. అక్క గొంతు హెచ్చినప్పుడల్లా అతనికి చక్రాల మీద శ్రద్ధ పుడుతుంది.

“నేనేం చెప్పనక్కా?”

“ఇది ఇల్లు కాదని చెప్పు. బడి పిల్లలు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు కూర్చోడానికి చేసిన బండి ఇది. రేకు డబ్బా! చుట్టూ అద్దాలున్న రేకు డబ్బా! ఇందులో పెట్టి అమ్మని మీరిద్దరూ కలిసి ఉడకబెడుతున్నారు.”

ఆ మాట కోడలికి గుచ్చుకుంది. అబద్ధమైతే గుచ్చుకునేది కాదు. తడి దుప్పట్లు చుట్టూ వేలాడదీసి, వడగాలి రాకుండా కిటికీలన్నీ బిగించింది నిన్న తనే. చల్లగా ఉంటుందనుకుంది. లోపలి గాలి బయటికి పోయే దారి లేక కాసేపటికే బండంతా ఆవిరి పట్టేసింది. అత్త మొహం ఎర్రబడటం చూస్తూ కూడా, ‘ఈ ఒక్క అంచూ అయిపోతే’ అనుకుంది తను.

ఆ సంగతి ఆడపడుచుకి ఇంకా తెలీదు. అత్త చెప్పలేదు.

“వార్డులో చూస్తున్నాను నేను,” అంది ఆడపడుచు. గొంతు ఒక్కసారిగా తగ్గింది. “రోజూ తెస్తున్నారు ఎండదెబ్బ తగిలినవాళ్ళని. ఏ ముసలమ్మని మంచం మీదికి చేర్చినా నాకు ముందు ఈవిడ మొహమే కనబడుతోంది.”

డ్రైవరు చక్రాన్ని వదిలి లేచి నిలబడ్డాడు.

అత్త కళ్ళు తెరిచింది.

“నీ ఇల్లు చల్లగా ఉంటుంది, ఒప్పుకున్నాను. నువ్వూ మీ ఆయనా డ్యూటీలకి పోతారు. నేనా చల్లటి గదిలో కూర్చుని గోడకి కబుర్లు చెప్పాలి. ఇక్కడైతే కర్టెన్ల కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కొలతలతో పాటు కాపురాలు కూడా చెప్పి పోతారు. మూడో అంతస్తు ఆవిడకీ వాళ్ళత్తకీ రాజీ కుదిరిందో లేదో తేలకుండా నేనెలా వస్తానే?”

“వాళ్ళ రాజీ కోసం నువ్వు ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?”

“ఆదివారం దాకా ఆగండి వదినా,” అంది కోడలు.

అందరూ ఆమె వైపు తిరిగారు. తన నోట్లోంచే ఆ మాట వచ్చిందని ఆమెకీ అప్పుడే తెలిసింది.

“ఆగితే?”

“చల్లబరుస్తాం.”

“ఎండనా?”

“బండిని.”

ఆడపడుచు మరదలిని ఎగాదిగా చూసింది. తర్వాత రోడ్డు పక్కనున్న చెట్టుని చూసింది. ఏదో లెక్క కుదిరినట్టు తలూపింది.

“సరే. ఆ చెట్టు నీడలో ఒక థర్మామీటరు కడతాను. అమ్మ తలగడ దగ్గర ఒకటి. ఆదివారం మిట్టమధ్యాహ్నం వచ్చి చూస్తాను. చెట్టు కిందకన్నా బండిలో ఒక్క గీత ఎక్కువున్నా అమ్మ నాతో వస్తుంది. మళ్ళీ ఏడుపులూ బతిమాలడాలూ ఉండకూడదు. మాటేనా?”

“మాటే,” అంది కోడలు. అన్నాక మొగుడి మొహం చూసింది. అతను మళ్ళీ చక్రం దగ్గర కూర్చున్నాడు.

“సంచి మాత్రం నా దగ్గరే ఉంటుంది,” అంటూ ఆడపడుచు మెట్టు దిగింది.

“అందులో నా కళ్ళజోడుందే!” అని కేకేసింది అత్త.

“ఆదివారం తెస్తా!”

సాయంత్రం రెండు థర్మామీటర్లూ తెచ్చి, ఒకటి చెట్టు కొమ్మకి, ఒకటి తలగడ పక్కన కిటికీ కమ్మీకి తన చేత్తోనే కట్టి వెళ్ళింది. ముడి మీద ముడి వేసింది. కళ్ళజోడు మాత్రం తేలేదు.

* * *

“నన్నొక మాట అడిగి ఉండాల్సింది,” అన్నాడు డ్రైవరు.

“అడిగితే ఏమనేవారు?”

అతను ఆలోచించాడు. “అక్క మాట వినమనేవాణ్ణి.”

“అందుకే అడగలేదు.”

మర్నాడు మధ్యాహ్నం మిషను దగ్గర చెమటలు కక్కుతూ కూర్చున్న కోడలు, దారపు ఉండ దొర్లిపోతే తీద్దామని కర్టెన్ వెనక్కి చెయ్యి పెట్టి చటుక్కున లాక్కుంది. అద్దానికీ కర్టెన్‌కీ మధ్య పొయ్యి ఉన్నట్టుంది.

చెయ్యి ఊదుకుంటూ ఆ కర్టెన్‌నే చూస్తూ ఉండిపోయింది. ఈ బండిలోకి వచ్చిన మొదటి నెలలో, ఊరందరికీ కుట్టే చేత్తో తన ఇంటికి కుట్టుకున్న కర్టెన్లవి. రెండు పొరల గుడ్డ. కుచ్చుకి కుచ్చు సమానం. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

“ఏమండీ! ఇలా రండి! నేనెంత తెలివితక్కువదాన్నండీ!”

“కొత్తగా ఏం చేశావు?” అంటూ వచ్చాడతను.

“చుట్టం లోపలికొచ్చి కూర్చున్నాక తలుపేసుకుంటున్నాను! ఎండ అద్దం దాటి వచ్చేసింది. వచ్చాక నేను పరదా వేస్తే అదెక్కడికి పోతుంది? కర్టెన్ ఉండాల్సింది అద్దానికి ఇవతల కాదు, అవతల!”

“బండి బయటా? కర్టెన్లా?”

“బయటే!”

కర్టెన్లు కుట్టేవాళ్ళెవరూ కర్టెన్‌ని ఇంటి బయట కట్టరు. ఇన్నేళ్ళ చేతి అలవాటు ఆమెని అటువైపు ఆలోచించనివ్వలేదు. ఇప్పుడు ఆలోచన వచ్చాక ఆమె చేతులు ఆగలేదు. మేడల వాళ్ళ పడగ్గదుల కర్టెన్లకి లోపల వేసే వెండిపూత లైనింగు గుడ్డ ముక్కలు సీటు కింద గోనెల్లో కూరి ఉన్నాయి. అన్నీ బయటికి లాగింది. నేల మీద పరిచింది. ముక్కకి ముక్క అతికింది. అత్త పడుకున్నచోటే లేచి కూర్చుని, “నాకూ ఇవ్వు,” అంది.

“మీరు పడుకోండి అత్తయ్యా.”

“పందెం నా మీద కాసి నన్ను పడుకోమంటావా? సూదెక్కించి ఇవ్వు. కళ్ళజోడు లేకపోయినా హుక్కులు కుట్టడం నా వేళ్ళకి తెలుసు.”

సాయంత్రానికి బడి వ్యాను వెండి కాగితంలో చుట్టిన పెద్ద మిఠాయిలా తయారైంది. అద్దాలకి అవతల, పైన కమ్మీ నుంచి హుక్కులతో వేలాడే తొడుగులు. డ్రైవరు తను మాత్రం తీసిపోతానా అన్నట్టు పైకెక్కి కప్పుకి తెల్లరంగు వేశాడు. దిగేటప్పుడు నిచ్చెన మెట్టు మెట్టుకీ అతని తెల్లటి పాదం అచ్చు పడింది.

“పార్సెలు ఎక్కడికమ్మా పంపుతున్నారు?” అని మూడో అంతస్తు ఆవిడ బాల్కనీలోంచి అడిగింది.

“మా ఆడపడుచు ఇంటికి తప్ప ఎక్కడికైనా!” అంది కోడలు.

పొయ్యి చెట్టు కిందికి మారింది. ముందరి పెద్ద అద్దం మధ్యాహ్నం ఎండకి ఎదురుగా ఉందని బండిని వెనక్కి తిప్పాలనుకున్నారు. “నువ్వు తిప్పు,” అన్నాడు డ్రైవరు. కోడలికి లైసెన్సు వచ్చి నెలైనా స్టీరింగు పట్టింది లేదు. అతను వెనక నిలబడి “రానీ, రానీ, రానీ... ఆగు! చెట్టు!” అని అరుస్తుంటే, బండి ముక్కుతూ మూలుగుతూ తిరిగి, కిందికి వాలిన రోడ్డు వైపు ముఖం పెట్టి నిలబడింది. ఆమె దిగి, చెట్టుకీ బండికీ మధ్య ఎంత సందు మిగిలిందో చూసుకుంది. మొహం వెలిగిపోతోంది.

ఇక మిగిలింది గాలి.

ఆ మాట పట్టుకుని డ్రైవరు పొద్దున్నే మాయమై, మెకానిక్కు స్నేహితుడి కొట్టు నుంచి ఒక పెద్ద కారు రేడియేటరు ఫ్యానుని చంకలో పెట్టుకుని వచ్చాడు. బండి కప్పు మధ్యలో గాలి కోసం వదిలిన చదరపు కిటికీ ఒకటుంది, మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. దాన్ని ఊడబీకి ఫ్యాను బిగించాడు. బండి బ్యాటరీ నుంచి తీగ లాగాడు.

“అమ్మా, కూర్చో. ఏమీ మాట్లాడకు. చూడు.”

స్విచ్చి వేశాడు.

చెవులు గడియలు పడే మోత. మోతతో పాటు కప్పు మీది వేడి, తుప్పు, ఎండుటాకులు, ఎప్పటిదో ఒక పక్షి ఈకా కలిసి దబదబా అత్త నెత్తిన పడ్డాయి.

“ఆపరా! ఆపు! విమానం ఎక్కించావు కదరా నన్ను!”

“గాలి వస్తోంది కదమ్మా!”

“పొయ్యిలోంచి వచ్చేదీ గాలేనండీ!” అంది కోడలు, అత్త జుట్టులోంచి ఆకులు ఏరుతూ. “పైన కాగిన గాలినంతా లోపలికి తోస్తున్నారు మీరు.”

“ఏం చేసినా నీకు వంకే. నువ్వు కర్టెన్లు బయట కడితే తెలివి. నేను ఫ్యాను పెడితే తప్పు.”

“నేను తప్పని అన్నానా?”

“అనలేదు. ఆకులు ఏరుతున్నావు. అది చాలు.”

అతను పానా కింద పడేసి వెళ్ళి చెట్టు మొదట్లో కూర్చున్నాడు. ఆమె మిషను ముందు కూర్చుంది. ఇద్దరి మధ్యా ఆ ఫ్యాను ఆగిపోయి వేలాడుతోంది. అత్త ఒకసారి అటూ, ఒకసారి ఇటూ చూసి, “నా కళ్ళజోడు ఉంటే బాగుండేది, మీ మొహాలు సరిగ్గా కనబడేవి,” అంది.

కోడలి చేతిలో ఎర్రదారం ఉంది. ఊరికే చుడుతూ విప్పుతూ ఉంటే, కిటికీ దగ్గర దాని కొస కొద్దిగా కదిలింది. ఆమె చెయ్యి ఆపింది. దారం మళ్ళీ కదిలింది. లోపలికి.

ఆమె లేచింది. ప్రతి కిటికీకీ ఒక దారం కట్టింది. పైన ఫ్యాను చుట్టూ నాలుగు కట్టింది. తర్వాత చెట్టు కిందికి వెళ్ళి నిలబడింది.

“ఏమండీ. ఆ ఫ్యాను వెనక్కి తిరుగుతుందా?”

అతను చెట్టు బెరడు గోకుతూ కూర్చున్నాడు.

“తిరిగితే పైకప్పు దగ్గర చేరిన వేడినంతా బయటికి లాగేస్తుంది. నీడ వైపు కిటికీ ఒక్కటి తెరిచి పెడితే, చెట్టు కింది గాలి లోపలికి వస్తుంది. మీ ఫ్యాను లేకపోతే నా తొడుగులు ఎందుకూ పనికిరావు.”

ఆఖరి మాట పని చేసింది. అతను లేచాడు. తీగలు రెండూ విప్పి, దీని చోట దాన్నీ, దాని చోట దీన్నీ బిగించాడు. నీడ వైపు కింది కిటికీ తప్ప అన్నీ మూశారు. స్విచ్చి పడింది.

ఫ్యాను చుట్టూ ఉన్న దారాలు నాలుగూ నిటారుగా పైకి లేచి నిలబడ్డాయి. కింది కిటికీ దారం లోపలికి సాగి, అత్త వైపు చెయ్యి చాపినట్టు వణికింది.

“ఎవరర్రా అది!” అంది అత్త మెడ తడుముకుంటూ. “నా మెడ మీద ఎవరో ఊదుతున్నారు!”

డ్రైవరు అంత ఎత్తు ఎగిరాడు. తల కప్పుకి తగిలింది. నెత్తి రుద్దుకుంటూనే పెళ్ళాం రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. “చూశావా! చూశావా!” అంటున్నాడు, ఆమె చూడనట్టు.

* * *

ఆదివారం పొద్దుటి నుంచీ ఫ్యాను ఆపలేదు. ఎండ ఎక్కుతున్న కొద్దీ కోడలు చెట్టు దగ్గరికీ బండి దగ్గరికీ తిరుగుతోంది. పది దాటాక తలగడ దగ్గర థర్మామీటరు చూసి దిగాలుగా మెట్టు మీద కూలబడింది.

“ఎంతుంది?” అన్నాడు డ్రైవరు.

“చెట్టుకన్నా ఒక గీత ఎక్కువుంది.”

“ఒక్కటేగా!”

“ఒక్కటి ఉన్నా తీసుకుపోతానన్నారు కదా!”

లోపల అత్త దగ్గింది. “నాకు కాస్త మంచినీళ్ళు ఇవ్వమ్మాయ్. గ్లాసు నిండా,” అంది.

ఆడపడుచు అన్నమాట ప్రకారం మిట్టమధ్యాహ్నం వచ్చింది. చేతిలో అత్త సంచి. బండి అవతారం చూసి ఒక్క క్షణం నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. ముందు చెట్టు దగ్గరికి వెళ్ళింది.

“నలభై ఒకటి,” అని పైకే చదివింది.

బాల్కనీల్లో జనం చేరారు. మూడో అంతస్తు ఆవిడ పక్కన వాళ్ళత్త కూడా నిలబడింది. రాజీ కుదిరినట్టే ఉంది.

ఆడపడుచు వ్యాను ఎక్కింది. కింది కిటికీ లోంచి వచ్చే గాలి తగిలి ఆగింది. పైకి నిక్కి ఆడుతున్న దారాలని చూసింది. సీటు మీద తల్లి పక్కన కూర్చుని, కర్టెన్ కుచ్చు పక్కనున్న థర్మామీటరు వైపు వంగింది. మళ్ళీ వంగింది.

“ఇరవై ఏడు,” అంది, తన గొంతుని తనే నమ్మనట్టు.

డ్రైవరు ఈల వేశాడు. బాల్కనీల్లోంచి చప్పట్లు. ఇరవై ఏడా! కోడలికి అత్తని పట్టుకుని గిర్రున తిప్పేయాలనిపించింది. రెండడుగులు వేసింది కూడా. అప్పుడు ఆడపడుచు మొహం చూసింది.

ఆడపడుచు నవ్వడం లేదు, కోప్పడటం లేదు. తల్లి మొహంలోకి చూస్తోంది. అత్త కప్పు వైపు చూస్తోంది. ఇన్నేళ్ళలో ఆ మొహం అంత అమాయకంగా ఎప్పుడూ లేదు.

“అమ్మా, మా ఇంట్లో ఏసీ మిషను రోజంతా ఆడినా ఇంత తగ్గదు.”

“మీ మిషను పాతదేమో.”

ఆడపడుచు కర్టెన్ కుచ్చుని మెల్లగా పక్కకి జరిపింది. థర్మామీటరు అడుగున, ఎర్రబొట్టు ఉండేచోట, ఒక బుల్లి తెల్లగుడ్డ టోపీ తొడిగి ఉంది. తడిసి నీళ్ళు కారుతోంది. ఫ్యాను గాలి సరిగ్గా దాని మీదికే వీస్తోంది.

చప్పట్లు ఆగిపోయాయి.

ఆడపడుచు టోపీని రెండు వేళ్ళతో ఊడదీసి వెలుగులో పెట్టి చూసింది.

“అంచు కూడా మడిచి కుట్టావా అమ్మా!”

“పని పనే,” అంది అత్త. “జ్వరమొచ్చినవాళ్ళకి తడిగుడ్డ వెయ్యమని నువ్వేగా అందరికీ చెప్తావు. అది కాగిపోతుంటే చూడలేక వేశాను. ఒక్క గీత తగ్గితే చాలనుకున్నాను. కళ్ళజోడు ఉంటే అంత కిందికి దిగనిచ్చేదాన్నా? తప్పంతా నీదే.”

మూడో అంతస్తులో ఎవరో కిసుక్కున నవ్వారు. కోడలు మాత్రం నవ్వలేకపోయింది. ‘ఒక గీత ఎక్కువుంది’ అని మెట్టు మీద కూర్చుని తను అన్న మాట విని, ఈ మనిషి కళ్ళు సరిగ్గా కనబడకపోయినా కూర్చుని టోపీ కుట్టింది.

“నాదీ ఉంది తప్పు వదినా,” అంది. “ఆ రోజు కిటికీలన్నీ బిగించి తడి దుప్పట్లు కట్టింది నేను. అత్తయ్యకి కళ్ళు తిరిగింది ఆ ఆవిరికే. మీకు చెప్పలేదు.”

“నాకు తెలుసు,” అంది ఆడపడుచు. “అమ్మ ఒళ్ళు చూస్తే తెలియదా?” టోపీని పిండి, థర్మామీటరుని పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ కమ్మీకి కట్టింది. “కూర్చోండి. ఇప్పుడు చూద్దాం.”

నలుగురూ కూర్చున్నారు. ఎర్రగీత మెల్లగా లేవడం మొదలుపెట్టింది. ముప్పై దాటింది. ముప్పై ఐదు. డ్రైవరు పెదాలు కదులుతున్నాయి. ముప్పై ఎనిమిది. కోడలు అత్త చెయ్యి పట్టుకుంది. నలభై. అక్కడ ఆగినట్టే ఆగి, మళ్ళీ పాకింది.

నలభై ఒకటి దగ్గర నిలబడింది.

కాసేపు చూశారు. ఇంక కదల్లేదు.

“సమానం!” అని అరిచాడు డ్రైవరు. “అక్కా, సమానం! ఎక్కువుంటే కదా నువ్వన్నది! ఎక్కువ లేదు! గెలిచాం!”

బాల్కనీలు మళ్ళీ హోరెత్తాయి. కోడలు ఈసారి ఆగలేదు, అత్తని వాటేసుకుంది.

“గెలిచారు,” అంది ఆడపడుచు. “నేను మాట తప్పను. కానీ ఒరేయ్, ఒకసారి బయటికి చూడు.”

చెట్టు నీడలో ఒక కుక్క నాలుక బయటపెట్టి, పొట్ట ఎగరేస్తూ పడుకుంది.

“చెట్టు కిందే నలభై ఒకటి. మీరు ఆ చెట్టంత చల్లగా చేశారు బండిని. నిజంగా గొప్ప పని, నేను చేయలేను. కానీ చెట్టే కాగిపోతుంటే? ఈ వయసులో ఒంటికి ఇది ఎన్నాళ్ళు పడుతుంది? నేనే తెలివితక్కువగా వేశాను పందెం, చెట్టుకన్నా ఇంకా తక్కువకి వెయ్యాల్సింది.”

కోడలు అత్త భుజం మీంచి చెయ్యి తీసింది. గెలిచిన సంతోషం అప్పుడే ఒంట్లోంచి జారిపోతోంది.

“అయిపోయాయా మీ మాటలు?” అంది అత్త. “నేనెక్కడుండాలో తేల్చమని ఇన్ని రోజులూ ఆ ఎర్రగీతని అడిగారు. నన్ను ఎవరైనా అడిగారా?”

ఆడపడుచు తల తిప్పింది. “సరే. అడుగుతున్నాను. చెప్పు.”

అత్త వంగి బండి నేలని అరచేత్తో తట్టింది.

“దీని కిందేమున్నాయి?”

“ఏమున్నాయి?” అన్నాడు డ్రైవరు.

“చక్రాలు, నాయనా! రోజూ నువ్వు చూసుకునే చక్రాలు! బయట గుడ్డలు కట్టారు, కప్పుకి రంగేశారు, విమానం తగిలించారు, ఎండ అని బండి మూతి కూడా తిప్పారు. మూతి తిప్పినవాళ్ళకి ముందుకి నడపాలని తోచలేదా? ఎండ తగ్గేదాకా కొండ మీద ఉందాం. అక్కడ రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుంటారట. వానలు పడ్డాక దిగొద్దాం. ఇల్లు కదిలేదైనప్పుడు ఎండలో కూర్చుని దాంతో కుస్తీ పట్టడమెందుకు?”

డ్రైవరు నోరు వెళ్ళబెట్టాడు. తర్వాత పెళ్ళాం వైపు చూశాడు. ఎదురు మేడ కర్టెన్లు సగం కుట్టి ఉన్నాయి. ఈ వీధిలో నాలుగు గుమ్మాలు అలవాటవడానికి ఆమె ఎంత తిరిగిందో అతనికి తెలుసు.

కోడలు మిషను మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఎంతోసేపు కాదు.

“కొలతలు నా దగ్గరే ఉన్నాయి,” అంది. “గుడ్డా నా దగ్గరే ఉంది. కొండ మీద కుడితే కుట్టు ఊడుతుందా?”

“మరి రెండో అంతస్తువి?” అని పైనుంచి ఎవరో అడిగారు.

“కుట్టాక మా ఆయన తెచ్చిస్తాడండీ!”

“ఆగండాగండి,” ఆడపడుచు లేచింది. “కొండ మీద ఆస్పత్రి ఉందా? అమ్మకి మళ్ళీ కళ్ళు తిరిగితే ఎవరు చూస్తారు? బండి ఎలాగూ కదులుతుందన్నప్పుడు మా ఇంటి ముందుకే తీసుకురండి. పగలు లోపల చల్లగా పడుకుంటుంది, సాయంత్రం మీ దగ్గర కూర్చుంటుంది.”

“మీ వీధిలో మనుషులు తలుపులు తియ్యరే!” అంది అత్త.

“తీయిస్తాను!”

“ముందు బండి తియ్యనీండి!” అంటూ డ్రైవరు ఉత్సాహంగా సీట్లోకి దూకి తాళం తిప్పాడు.

టక్.

మళ్ళీ తిప్పాడు. టక్. అంతే.

తల మీద మోగుతున్న మోత బొంగురుపోయింది. ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటిగా కనబడుతూ, నీరసంగా తిరిగి, ఆగిపోయాయి. నిటారుగా నిలబడ్డ దారాలు వాలిపోయాయి.

“బ్యాటరీ,” అన్నాడు డ్రైవరు చిన్నగా. పొద్దుటి నుంచీ ఆ విమానం తాగేసింది దాన్నే.

కమ్మీ దగ్గర ఎర్రగీత మళ్ళీ కదిలింది. ఒక గీత. ఇంకో గీత.

“ఇంకా చూస్తారేం?” అంది అత్త. “తొయ్యండి!”

రోడ్డు వాలుగా ఉంది. బండి ముఖం అటే ఉంది. తొయ్యడానికి బలం కావాలి గనక డ్రైవరు దిగాడు. కోడలు స్టీరింగు ముందు కూర్చుంది. సంచి తల్లి ఒళ్ళో పడేసి ఆడపడుచు కూడా దిగి, చేతులు పైకి మడిచింది.

“రెండో గేరు! క్లచ్చి తొక్కే ఉంచు! నేను చెప్పినప్పుడు వదులు!” డ్రైవరు కిటికీ దగ్గర చెప్తున్నాడు. “స్టార్టయ్యాక మాత్రం ఆపకు. ఆపితే మళ్ళీ కదలదు. వింటున్నావా? ఆపకు!”

“ఆపను! మీరు తొయ్యండి!”

వెండి తొడుగుల బండి ఒకసారి మూలిగింది. అంగుళం కదిలింది. అడుగు కదిలింది. మేడలోంచి ఇద్దరు దిగొచ్చి చెయ్యి వేశారు. చెట్టు వెనక్కి పోయింది. కొమ్మకి ఆడపడుచు థర్మామీటరు ఒంటరిగా ఊగుతోంది.

“ఇప్పుడు!”

కోడలు కాలు వదిలింది. బండి గతుక్కుమని, ఎక్కిళ్ళు పెట్టి, ఒక్కసారిగా గర్జించింది. తొడుగులు రెక్కల్లా లేచాయి. అత్త “ఓయమ్మో!” అని కేకేసి పకపకా నవ్వింది.

“వదినా!” కోడలు గొంతెత్తి అరిచింది. “కదిలింది!”

అద్దంలో అక్కాతమ్ముళ్ళిద్దరూ పరిగెత్తుకొస్తున్నారు. డ్రైవరు రెండు చేతులూ గాల్లో ఆడిస్తున్నాడు. ఆడపడుచు ఒక చెయ్యే ఊపుతోంది, ఎడమకి, ఎడమకి. వీధి కొసన రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమ ఆడపడుచు ఇంటికి. కుడి కొండకి.

“అత్తయ్యా! ఎటు?”

అత్త తాపీగా సంచి విప్పింది. కళ్ళజోడు తీసింది. పెట్టుకుంది. ఎదురుగా పరుగెత్తుకొస్తున్న రోడ్డుని మొదట చూసింది. తర్వాత పక్క అద్దంలో, చెప్పు జారిపోయినా ఆగకుండా పరుగెత్తుతున్న కూతుర్ని చూసింది.

ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది.

“దాని కాలు కాలిపోతుందే అమ్మాయ్,” అంది అత్త.

మలుపు వచ్చేసింది. కోడలు స్టీరింగుని ఎడమకి తిప్పింది.